తుఫానుల సీజనంతా భీమవరంలోనే ఉండండి

ప్రశ్న: మా వారికి 67, నాకు 63. అమెరికాలో ఉద్యోగాలు చేసి రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి 40 అడుగుల సెయిల్ బోట్ కొనుక్కున్నాం. కొన్నేళ్ళుగా కరీబియన్ దీవుల మధ్య అదే మా ఇల్లు. పిల్లలు ఎవరి ఊళ్ళో వాళ్ళు స్థిరపడ్డారు. మా అత్తగారికి 88 ఏళ్ళు. భీమవరంలో మా మరిది, తోటికోడలి దగ్గర ఉంటారు. ఈ మధ్య బాత్రూంలో జారి పడ్డారు. ఎముకలు విరగలేదు కానీ అప్పటి నుంచి మంచం దిగాలంటే భయపడుతున్నారట. జూన్‌లో వెళ్దామనుకుంటున్నాం. పడవని మూడు వారాల కంటే ఎక్కువ వదలలేనని మా వారు అంటున్నారు. నాకేమో తుఫానుల సీజనంతా అక్కడే ఉండాలని ఉంది. పడవని గ్రెనడాలో పెట్టాలా, ట్రినిడాడ్‌లో పెట్టాలా? అసలు పడవనే కాకినాడ తీసుకెళ్ళిపోదామని కూడా ఆయన ఒకసారి అన్నారు. పోయినసారి వెళ్ళినప్పుడు చుట్టాలందరూ "మీకు ఇల్లు లేదా?" అని అడిగారు, అత్తగారు ఏడ్చారు. ఇంకొక మాట. అక్కడికి వెళ్ళాక మళ్ళీ పడవ ఎక్కాలనిపించదేమోనని నాకు లోపల భయంగా ఉంది. ఇది ఆయనకు చెప్పలేదు. పడవలో ఉన్న పప్పులు, పచ్చళ్ళు ఏం చేయాలో కూడా చెప్పండి. పేరు వేయకండి.

సమాధానం: మూడు వారాలు చాలవమ్మా. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత ఎందుకో చెబుతాను.

గ్రెనడా నుంచి భీమవరం చేరడానికే దాదాపు రెండు రోజులు. మయామీ మీదుగానో, న్యూయార్క్ మీదుగానో, లండన్ మీదుగానో హైదరాబాద్ రావాలి. అక్కడి నుంచి రాత్రి రైలో, రాజమండ్రి విమానమో ఎక్కాలి. జెట్ ల్యాగ్ పోవడానికి వారం పడుతుంది. దానికి తోడు నెలల తరబడి నీళ్ళ మీద ఉన్నవాళ్ళకి నేల మీద నిలబడ్డా కింద ఊగుతున్నట్టే ఉంటుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో అది సర్దుకుంటుంది, కొందరికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. మొదటి వారం చూడ్డానికి వచ్చే చుట్టాలతో గడిచిపోతుంది, చివరి వారం సర్దుకోవడంతో సరి. మధ్యలో మిగిలే ఆ ఒక్క వారంలో మీరు ఆ ఇంట్లో అతిథులే. అత్తగారికి మందులిచ్చేదీ, రాత్రి లేపి బాత్రూంకి తీసుకెళ్ళేదీ మీ తోటికోడలే. పైగా మీ ఇద్దరి భోజనాలూ, వచ్చినవాళ్ళ కాఫీలూ ఆవిడ మీదే పడతాయి. అలాంటి ప్రయాణం వల్ల ఆ ఇంటికి సాయం అందదు, పని పెరుగుతుంది.

మీ వారితో ఇలా మాట్లాడి చూడండి. అట్లాంటిక్‌లో తుఫానుల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. సెప్టెంబరు రెండో వారం దాని శిఖరం. ఆ ఆరు నెలలూ మీ పడవ ఎలాగూ దీవుల మధ్య తిరగదు. ఎక్కడో దక్షిణాన లంగరేసి కూర్చుని రోజుకు నాలుగుసార్లు వాతావరణ సూచన చూసుకోవడమే. దానికి బదులు పడవని ఒడ్డు మీదికి ఎక్కించి గట్టిగా కట్టేసి వెళ్తే పడవకే మంచిది. నవంబరు నుంచి మే దాకా పడవలో, జూన్ నుంచి నవంబరు దాకా సొంత ఊళ్ళో. ఇంగ్లండ్, కెనడా, అమెరికాల నుంచి వచ్చిన రిటైర్డ్ జంటలు చాలామంది చేసేది ఇదే. సంవత్సరాన్ని రెండుగా కోయాలా వద్దా అని మీరు వాదించుకోనక్కర్లేదు, తుఫానులే కోసి పెట్టాయి. ఆ రెండో సగాన్ని సెలవులాగా కాకుండా మీ జీవితంలో సగంలాగా చూసుకోండి. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. మిగతావన్నీ దీన్ని ఎలా జరిపించాలన్న వివరాలు.

మీ వారి భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఉన్న ఇల్లు అమ్మి కొన్న పడవ అది. మీరు దాచుకున్న డబ్బులో పెద్ద భాగం ఉప్పునీటి మీద తేలుతోంది. ఎక్కడ ఏ చప్పుడు వస్తే ఏమిటో ఆయన నిద్రలో కూడా చెప్పగలరు. అలాంటి మనిషిని "ఏం కాదులే, రండి" అంటే ఇంకా బిగుసుకుంటారు. ఆ టెన్షన్‌కి మందు పని ఒక్కటే. ఏమేం చేయాలో జాబితా ఆయన్నే రాయమనండి.

గ్రెనడానా ట్రినిడాడా అంటే, మీ విషయంలో నేను గ్రెనడా అంటాను. ట్రినిడాడ్ ఇంకా దక్షిణాన, సుమారు 10 డిగ్రీల 40 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంటుంది. తుఫానులు అక్కడికి రావడం అరుదు, షాగ్వారామస్‌లో పడవల పని తెలిసిన మేస్త్రీలు కావలసినంత మంది ఉన్నారు. అయినా వద్దనడానికి ఒక కారణం ఉంది, మన దేశం వెళ్ళేవాళ్ళు దాన్ని తరచూ మర్చిపోతుంటారు. భారత ప్రభుత్వం పెట్టుకున్న ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ట్రినిడాడ్ ఉంది. అక్కడి నుంచి బయల్దేరి ఆరు రోజుల్లోపు మన ఎయిర్‌పోర్టులో దిగితే టీకా సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాత నుంచే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. ఇదివరకే వేయించుకుని ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే మాత్రం, 60 దాటాక మొదటిసారి ఆ టీకా వేసుకునేవాళ్ళకి తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. డాక్టర్లు ఆలోచించి గానీ ఇవ్వరు. మీ ఇద్దరి వయసుకీ ఆ బెడద ఎందుకు? గ్రెనడా ఆ జాబితాలో లేదు. పైగా గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కి సుమారు 80 నాటికల్ మైళ్ళు. వెనిజులా వైపు నుంచి వచ్చే దొంగల పడవల భయంతో చాలామంది ఇతర పడవలతో మాట్లాడుకుని జట్టుగా దాటుతుంటారు.

గ్రెనడా అంటే పూర్తిగా క్షేమం అనుకోవద్దు. 1955లో జానెట్ తుఫాను వచ్చింది. ఆ తర్వాత దాదాపు 50 ఏళ్ళు అంత పెద్దది రాకపోవడంతో అందరూ గ్రెనడా తుఫానుల దారిలో లేదనుకున్నారు. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ వచ్చి ఆ నమ్మకాన్ని తుడిచేసింది. పడవలు దాచే యార్డుల్లో స్టాండ్ల మీద నిలబెట్టినవి ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. 2024 జులై 1న బెరిల్ గ్రెనడాకే చెందిన కరియకూ దీవిని ఊడ్చేసింది. క్షేమమని మడ అడవుల్లోకి తీసుకెళ్ళి కట్టిన పడవలు కూడా మిగల్లేదు. గ్రెనడా దక్షిణ తీరం మాత్రం చాలావరకు తప్పించుకుంది.

ఈ రెండింటి నుంచీ మీకు పనికొచ్చేవి ఉన్నాయి. బెరిల్ జులై మొదటి రోజునే వచ్చింది కాబట్టి "జులై చివర్లో వెళ్దాంలే, అప్పటిదాకా తుఫానులు రావు" అనే లెక్క పెట్టుకోవద్దు. జూన్ రెండో వారానికల్లా పడవ నేల మీద ఉండాలి. ఐవాన్ తర్వాత యార్డులు పద్ధతి మార్చుకున్నాయి. కీల్ అనే పడవ అడుగు దూలం కింద దిమ్మెలు పెట్టి, పడవ చుట్టూ క్రేడిల్ అనే ఉక్కు చట్రం అమర్చి, నేలలో దించిన లంగరు బోల్టులకు పట్టీలతో బిగిస్తారు. యార్డుకి రాసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: క్రేడిల్ దొరుకుతుందా, టై-డౌన్ పట్టీలు ఉన్నాయా, మా పక్క పడవలకి చుట్టిన తెరచాపలు పైనే వదిలేయనిస్తారా? మూడోది ముఖ్యం. పక్క పడవ వాళ్ళు ముందు తెరచాప ఊడదీసి లోపల పెట్టకుండా వెళ్తే గాలికి అది విచ్చుకుని ఆ పడవ మీ మీద పడుతుంది. క్రేడిల్స్ తక్కువ ఉంటాయి, మార్చికల్లా నిండిపోతాయి. ఈ వారమే రాయండి.

ఇన్సూరెన్స్ పాలసీ కూడా తీసి చూడండి. తుఫానుల సీజన్‌లో పడవ ఏ గీతకి దక్షిణాన ఉండాలో అందులో రాసి ఉంటుంది. కొన్ని కంపెనీలు 12 డిగ్రీలంటాయి, కొన్ని 12 డిగ్రీల 40 నిమిషాలంటాయి. గ్రెనడా దక్షిణ తీరం సరిగ్గా 12 డిగ్రీల దగ్గరే ఉంది. అంటే ఒక పాలసీ ప్రకారం మీరు లోపల, ఇంకో పాలసీ ప్రకారం అంచు మీద. కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పేరు పెట్టిన తుఫాను వల్ల నష్టం జరిగితే మీరు భరించాల్సిన వాటా మామూలు కంటే ఎక్కువ ఉండటం సాధారణం, అదెంతో చూసుకోండి.

ఇక మీ వారి జాబితాలో ఉండాల్సినవి. తెరచాపలన్నీ, కాక్‌పిట్ (చుక్కాని దగ్గర కూర్చునే చోటు) మీది గుడ్డ పందిరితో సహా, విప్పి లోపల పెట్టాలి. డీజిల్ ట్యాంకు నింపి ఉంచాలి, ఖాళీ ఉంటే లోపల తేమ పట్టి నీళ్ళు చేరతాయి. ఔట్‌బోర్డ్ ఇంజన్ని మంచినీళ్ళతో కడిగి, కార్బురేటర్లో పెట్రోలు అయిపోయేదాకా నడపాలి. ఉప్పునీటిని మంచినీరు చేసే వాటర్‌మేకర్ ఉంటే ఫిల్టరు పాడవకుండా మందు ఎక్కించాలి. లిథియం బ్యాటరీలైతే నిండా కాకుండా సగం ఛార్జితో వదలాలి. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచాలి. అల్మారాల తలుపులు కూడా తెరిచి, గోడలన్నీ వెనిగర్‌తో తుడిస్తే బూజు తగ్గుతుంది. గ్రెనడాలో వానాకాలం కూడా అప్పుడే కాబట్టి డీహ్యుమిడిఫయర్ పెట్టి దాని నీళ్ళు సింక్‌లోకి పోయేలా చేయండి. కందిరీగలు గొట్టాల్లో మట్టి గూళ్ళు కట్టకుండా పైపుల నోళ్ళకి వల చుట్టాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం చాలా చిన్నగా కనిపిస్తుంది. కాక్‌పిట్‌లో వాన నీళ్ళు పోయే రంధ్రాలకి ఒక ఆకు అడ్డం పడితే చాలు, నాలుగు వానలకి నీళ్ళు లోపలికి దిగుతాయి. నేల మీద ఉన్న పడవలు కూడా ఇలా లోపల మునిగిపోతుంటాయి. అందుకే వారానికోసారి ఎక్కి చూసే మనిషి కావాలి. అక్కడ జీతానికి ఈ పని చేసేవాళ్ళున్నారు. ప్రతి పెద్ద వాన తర్వాత కాక్‌పిట్, బిల్జ్ (నీళ్ళు చేరే పడవ అడుగు భాగం) ఫోటోలు పంపాలని ముందే మాట్లాడుకోండి. వారం వారం ఆ ఫోటో వస్తుంటే మీ వారు భీమవరంలో నిద్రపోతారు. ఆ జీతాన్ని ఖర్చు కింద లెక్కేయకండి, ఆయన అమ్మ దగ్గర ఉండగలిగిన రోజులకి కట్టే డబ్బు అది. పడవని చూసే పని ఇంకొకరికి అప్పగించవచ్చు. 88 ఏళ్ళ తల్లి పక్కన పెద్ద కొడుకు కూర్చునే పని మాత్రం ఎవరికీ అప్పగించలేం.

కాకినాడకి పడవని తీసుకెళ్ళే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. మధ్యధరా, సూయెజ్ మీదుగా రావాలంటే ఎర్ర సముద్రం దాటాలి. 2023 చివర్లో అక్కడ ఓడల మీద దాడులు మొదలయ్యాక పెద్ద కంపెనీల ఓడలే ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చాయి. దక్షిణాఫ్రికా మీదుగా వస్తే కేప్ ఆఫ్ గుడ్ హోప్ అలలు, పనామా మీదుగా వస్తే పసిఫిక్ అంతా. ఇద్దరు మనుషులకి అది ఒక సీజన్ పని కాదు. వచ్చాక కూడా కొచ్చిలో బోల్గాట్టి దగ్గర మెరీనా ఉంది కానీ, మన తూర్పు తీరంలో 40 అడుగుల విహార పడవని ఆరు నెలలు నిశ్చింతగా వదిలి వెళ్ళే చోటు అంత తేలిగ్గా దొరకదు. చేయగలిగినవాళ్ళు లేరని కాదు. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య మరో నలుగురు నౌకాదళ అధికారిణులతో కలిసి తారిణి అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగి వచ్చారు. ఆ కథ అత్తగారికి తప్పకుండా చెప్పండి. కానీ వాళ్ళ వెనక నౌకాదళం ఉంది, చేతిలో యౌవనం ఉంది.

అత్తగారి ఏడుపు సంగతి. ఆవిడ గోదావరి డెల్టా మనిషి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమ తుఫాను ఆవిడ కళ్ళ ముందే జరిగాయి. సముద్రం అంటే ఆవిడకి గుర్తొచ్చేది అదే. ఆవిడ మనసులో కొడుకు ఆ నీళ్ళ మీద పడుకుంటున్నాడు. "మాకేం ఫరవాలేదమ్మా, చాలా బాగుంటుంది" అనే మాటలు ఆ భయాన్ని తాకవు. వేట నిషేధం రోజుల్లో నరసాపురం, అంతర్వేది వైపు పడవలు ఒడ్డున ఎలా ఉంటాయో ఆవిడకి తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలు వేటకి వెళ్ళవు, పడవలు పైకి లాగి మరమ్మతులు చేసుకుంటారు. మా పడవ కూడా తుఫానుల కాలంలో అలాగే ఒడ్డున కట్టేసి ఉంటుంది, ఆ నెలల్లో మేం అసలు నీళ్ళ మీదే ఉండం అని చెప్పండి. క్రేడిల్ మీద పట్టీలతో కట్టిన పడవ ఫోటో పెద్దగా ప్రింటు తీయించి ఇవ్వండి. ఫోన్‌లో చూపిస్తే ఆవిడకి కనపడదు, మీరు వెళ్ళిపోయాక మళ్ళీ చూసుకోవడానికీ ఉండదు.

తిరిగి పడవ ఎక్కాక ఫోన్ విషయంలో కూడా ఒక నియమం పెట్టుకోండి. వారంలో ఫలానా రోజు, ఫలానా వేళ. దూర ప్రయాణం ఉంటే "మూడు రోజులు ఫోన్ రాదు, శనివారం సాయంత్రం చేస్తాం" అని ముందే చెప్పాలి. ఎప్పుడు వస్తుందో తెలియని ఫోన్ కోసం ఎదురుచూడటం ముసలివాళ్ళని చాలా కుంగదీస్తుంది. మీ పడవ ఎక్కడుందో మ్యాప్ మీద చూపించే లింకు ఇంట్లో కుర్రాళ్ళెవరికైనా ఇస్తే వాళ్ళే నాయనమ్మకి చెబుతుంటారు.

ఇప్పుడు ఆవిడ పడిపోయిన విషయం. ఇందులో మీ వారికి పెద్ద పనుంది, దాన్ని ఆయనకు అప్పగించండి. పడవలో ఎక్కడ నిలబడినా చేతికి ఒక పట్టు అందుతుంది కదా. వంటింటి గట్టు నుంచి మెట్ల దాకా, మంచం నుంచి టాయిలెట్ దాకా ఒకటి వదిలేలోపు ఇంకొకటి చేతికి తగులుతుంది. అలా పట్టులు అమర్చడం ఆయనకి తెలిసినంత బాగా భీమవరంలో ఏ ప్లంబర్‌కీ తెలియదు. అత్తగారి మంచం నుంచి బాత్రూం దాకా, టాయిలెట్ రెండు పక్కలా, స్నానం చేసే చోటా స్టీలు గొట్టాలు బిగించమనండి. గుప్పిట్లో నిండుగా పట్టు దొరకాలంటే 32 నుంచి 38 మిల్లీమీటర్ల గొట్టం బాగుంటుంది. సన్న టవల్ రాడ్లు పనికిరావు, మనిషి బరువు పడితే ఊడి వస్తాయి. గోడలో లోతుగా దిగే బోల్టులు వాడాలి. గచ్చు మీద పట్టు ఉండే టైల్స్, రాత్రి వెలిగే చిన్న దీపం, ఎత్తు పెంచిన కమోడ్ సీటు కూడా కావాలి. తర్వాత ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించి రోజూ నడిపించాలి. పడతానేమోనన్న భయంతో నడక మానేస్తే కాళ్ళు ఇంకా బలహీనపడి మళ్ళీ పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ భయం పోవాలంటే నెలల తరబడి పక్కన ఒకరు నడవాలి. మూడు వారాలు చాలవన్నది అందుకు కూడా. చేతినిండా పనుంటే మీ వారి ధ్యాస పడవ మీది నుంచి కొంత మళ్ళుతుందని నా నమ్మకం.

చుట్టాల ప్రశ్నల గురించి ఎక్కువ ఆలోచించకండి. "మీకు ఇల్లు లేదా?" అంటే "పడవే ఇల్లు, ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ" అని నవ్వుతూ చెప్పండి. రెండో ఏడు కూడా మీరు జూన్‌లో కనిపిస్తే ఆ ప్రశ్న దానంతటదే ఆగిపోతుంది.

మీరు పట్టించుకోవాల్సిన మనిషి మీ తోటికోడలు. ఇన్నేళ్ళుగా అత్తగారి బరువంతా మోస్తున్నది ఆవిడ. మీరు ఉత్తరంలో ఆవిడ గురించి ఒక్క మాటే రాశారు. వెళ్ళిన మొదటి నెల ఏ సలహా ఇవ్వకండి. మందుల వేళలు మార్చడం, వంటలో ఉప్పు తగ్గించమనడం, పనిమనిషిని మార్చమనడం, ఏదీ వద్దు. ఆవిడ ఎలా చేస్తున్నారో పక్కనుండి నేర్చుకోండి. రాత్రి అత్తగారి గదిలో మీరు పడుకోండి. ఒక నెల గడిచి అత్తగారికి మీ చెయ్యి అలవాటయ్యాక, మరిదిని, ఆవిడని ఓ రెండు మూడు వారాలు ఎక్కడికైనా పంపండి. కాశీయో, అరుణాచలమో, వాళ్ళ అమ్మాయి ఇల్లో, ఎక్కడికన్నది వాళ్ళ ఇష్టం. టికెట్లు మీరు తీయండి. ఇంటి తాళాలు, అత్తగారి బాధ్యత మీ చేతిలో పెట్టి ఆవిడ నిశ్చింతగా గడప దాటగలిగితే, మీరు అన్నేళ్ళుగా పంపిన డబ్బు కంటే అది ఎక్కువ. మీరు పడవకి తిరిగి వెళ్ళాక కూడా నెలనెలా రాత్రి పూట ఆయాకి జీతం మీరే ఇచ్చేలా మాట్లాడుకోండి.

ఆస్తి మాటలు వస్తే, అవి వస్తాయి, వాటిని దసరా తర్వాతకి పెట్టుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు మన దేశంలో వ్యవసాయ భూమి కొనలేరు కానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఇన్నాళ్ళూ తల్లిని చూసుకున్న తమ్ముడికి కొంచెం ఎక్కువ వాటా వెళ్ళడం న్యాయమేనని నేను అనుకుంటాను. ఆ మాట మీ వారి నోటి నుంచి ముందుగా వస్తే బాగుంటుంది.

ఆ నెలల్లో ఇంకో సుఖం ఉంది. వరలక్ష్మీవ్రతం, వినాయక చవితి, దసరా, దీపావళి అన్నీ ఆ సీజన్లోనే వస్తాయి. ఇన్నేళ్ళూ వాటిని లంగరేసిన చోట ఇద్దరే చేసుకుని ఉంటారు. కుదిరితే కార్తీకంలో ఒక సోమవారం దాకా ఉండి అత్తగారిని కారులో గునుపూడి సోమేశ్వరాలయానికి తీసుకెళ్ళండి. పంచారామాల్లో ఒకటి మీ ఊళ్ళోనే ఉంది కదా. జనం తక్కువుండే వేళ చూసుకోండి.

ఇక మీ భయం. అది ఆయనకి విమానం ఎక్కక ముందే చెప్పండి. భీమవరంలో చెబితే "ఊరు చూడగానే మారిపోయింది, వీళ్ళందరూ కలిసి మనసు విరిచారు" అనుకుంటారు. పడవలోనే, కాక్‌పిట్‌లో సాయంత్రం కూర్చున్నప్పుడు చెబితే అది మీ మాటగా వింటారు. "పడవ అమ్మేద్దాం" అని కాకుండా "నాకు ఇలా భయంగా ఉంది" అనే చెప్పండి. ఆ రెండూ వేరు. దేనికి అలసిపోయారో మీకు మీరు తేల్చుకోవడం కూడా అవసరం. రాత్రి కాపలాలా? గాలి పెరిగితే లంగరు జారుతుందేమోనన్న నిద్రలేమా? మోకాళ్ళా? మాట్లాడటానికి తెలుగు మనిషి లేకపోవడమా? లేక ఆయనకి ఏమైనా అయితే ఒక్కదాన్నే పడవని ఒడ్డుకి చేర్చలేనేమోనన్న భయమా? నా అనుభవంలో పడవల మీద ఉన్న ఆడవాళ్ళలో చాలామందికి అసలు భయం ఈ చివరిదే, బయటికి మాత్రం వేరే కారణం చెబుతుంటారు. అదే అయితే దానికి దారి ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయడం, లంగరు ఎత్తడం, రేడియోలో 16వ ఛానల్ మీద సాయం అడగడం, ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవ డింగీని మీరే నడపడం. వీటిని జూన్ లోపు ఆయన చేయి వేయకుండా మీరొక్కరే చేయగలిగేలా నేర్చుకోండి. ఒంటరితనమైతే ఆరు నెలల ఊరి జీవితం దాన్ని చాలావరకు తీరుస్తుంది. మోకాళ్ళే అయితే డాక్టర్ చెప్పేదాన్ని బట్టి ఉంటుంది.

ఏ కారణమైనా భీమవరంలో ఉండగా పడవ గురించి నిర్ణయం తీసుకోకండి. అక్కడ పది మంది మధ్య, అత్తగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు ఎవరికైనా వెనక్కి వెళ్ళాలనిపించదు. అలాగని ఇప్పుడు పడవలో కూర్చుని కూడా తేల్చకండి. నవంబరులో తిరిగొచ్చి, పడవని నీళ్ళలో దించి, జనవరి చివరిదాకా ఉండి చూడండి. అప్పటికి డిసెంబరు, జనవరిల్లో బలంగా వీచే క్రిస్మస్ గాలులు కూడా చూసేసి ఉంటారు. అప్పటికీ వద్దనిపిస్తే అది నిజంగా వద్దనే. పడవ అమ్మడం ఓటమేమీ కాదు. కరీబియన్‌లో సీజన్ నడుస్తుండగా, మంచి స్థితిలో ఉన్న పడవని అమ్మడం, తుఫానుల ముందు తొందరపడి అమ్మడం కంటే లాభం కూడా.

కొన్ని పనులు త్వరగా చెప్పేస్తాను. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ మామూలుగా ఆ దేశం బయట పనిచేయదు, గ్రెనడాలోనూ భీమవరంలోనూ కూడా. ఆరు నెలలకి ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకోండి. ఏళ్ళ తరబడి ఎండలో ఉన్నవాళ్ళు కాబట్టి ఇద్దరూ కళ్ళు, చర్మం చూపించుకోండి. పళ్ళు, మోకాళ్ళు ఎలాగూ ఉంటాయి. మీకు ఇండియాలో అద్దెలు, వడ్డీలు, చెరువుల లీజు లాంటి ఆదాయం ఏడాదికి 15 లక్షల రూపాయలు దాటుతుంటే, ఎన్ని రోజులుంటే పన్నుకి ఇక్కడివాళ్ళ కింద లెక్కిస్తారన్న దానిలో 120 రోజుల నిబంధన వర్తించవచ్చు, దాటకపోతే 182 రోజుల లెక్క. టికెట్ తేదీలు వేసుకునే ముందు ఆడిటర్‌ని అడగండి. పడవలో వచ్చి విమానంలో వెళ్తున్నారు కాబట్టి గ్రెనడా ఇమిగ్రేషన్‌కి ముందే చెప్పి కాగితం తీసుకోండి. తిరుగు ప్రయాణంలో గ్రెనడా నుంచి బయటికి టికెట్ ఏదని ఎయిర్‌లైన్ వాళ్ళు చెకిన్ దగ్గర ఆపుతారు. పడవ రిజిస్ట్రేషన్ కాపీ, యార్డు నుంచి "వీళ్ళ పడవ మా దగ్గరుంది" అనే ఉత్తరం చేతి సంచిలో ఉంచుకోండి.

తిరిగి వచ్చాక యార్డు దగ్గర ఒక వారం గది అద్దెకు తీసుకోండి. నేల మీద ఉన్న పడవలో టాయిలెట్ వాడలేరు, పైకెక్కాలంటే మూడు మీటర్ల నిచ్చెన. రెండు రోజుల ప్రయాణం చేసి 67 ఏళ్ళ మనిషి రాత్రి పూట ఆ నిచ్చెన ఎక్కి దిగకూడదు. అడుగున నాచు పట్టకుండా రంగు వేయించేది కూడా ఆ వారమే.

పప్పులు, పిండి, బియ్యం ఏవీ వదలకండి. ఆ వేడికి, తేమకి ఆరు నెలల్లో పురుగు పడుతుంది, వాటి వెనక బొద్దింకలొస్తాయి. పక్క పడవల వాళ్ళకి ఇచ్చేయండి. డబ్బాల్లో ఉన్నవి ఉబ్బకుండా ఉంటే ఉంచుకోవచ్చు కానీ కాగితం లేబుళ్ళు తీసేసి పెన్నుతో పేరు రాయండి, ఆ కాగితం కింద బొద్దింకలు గుడ్లు పెడతాయంటారు. అట్టపెట్టెలు ఒక్కటి కూడా లోపల ఉంచవద్దు. పచ్చళ్ళ జాడీలు కూడా ఎవరికైనా ఇచ్చేయండి. మూసిన పడవలో వేడికి నూనె పొంగి మూతలోంచి కారితే ఆ వాసన చెక్కకి పట్టేస్తుంది. మీరు జూన్ మధ్యకి భీమవరం చేరేసరికి కొత్త ఆవకాయ కలిపి ఉంటారు.